రేపల్లె దారిలో తేనెపట్టు

తెనాలి నుంచి రేపల్లెకు రైలుమార్గం సుమారు 34 కిలోమీటర్లు. పట్టాలు అక్కడితో సరి. ఆపైన వరిచేల మధ్యగా రోడ్డుమీద పోతే కృష్ణ ఒడ్డున పెనుమూడి వస్తుంది. వంతెన పడకముందు ఏరు దాటాలంటే పడవలే దిక్కు. ఇప్పుడు కార్లు ఆగకుండా అవతల పులిగడ్డకు పోతున్నాయి.

పిల్లలూ, అట్లా పోయే పెట్రోలు కారు కింద ఒక తేనెపట్టు ఉంటుందంటే నమ్ముతారా? అందులో తేనె ఉండదు లెండి! పింగాణీ వంటి మట్టితో చేసిన, సన్నసన్నని గదులున్న దిమ్మ అది. గదుల గోడలకు ప్లాటినం, పల్లేడియం, రోడియం అనే లోహాలు పలచగా అంటించి ఉంటాయి. ఇంజను పొగ ఆ గదులలోగుండానే బయటికి రావాలి.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉన్నది. రంగూ వాసనా లేని విషం. నెత్తురులో ఆమ్లజని చోటును కాజేస్తుంది. మామూలుగా అది మండాలంటే 600 డిగ్రీలకు పైగా వేడి కావాలి. ఈ లోహాలమీద వాలితే మాత్రం సుమారు 250 డిగ్రీలకే ఆమ్లజనితో కలిసి బొగ్గుపులుసు వాయువవుతుంది. రోడియం పని మరీ ముచ్చట! నత్రజని ఆక్సైడు నుంచి ఆమ్లజనిని ఊడదీసి, వట్టి నత్రజనిని వదులుతుంది. ఇంత చేసినా లోహం ఖర్చు కాదు.

అయితే సీసం కలిపిన పెట్రోలు పోస్తే, ఆ సీసం లోహాన్ని కప్పేసి పట్టును పాడుచేస్తుంది. అందుకే 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులలో కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేసినప్పుడు, సీసంలేని పెట్రోలు కూడా తెచ్చారు. 2000లో దేశమంతటా సీసం పోయింది.

ఇంకొక చిక్కున్నది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పట్టు పనిచెయ్యదు. షెడ్డులో కారు స్టార్టు చేసేముందు తలుపులు బార్లా తెరవమని నాన్నగారికి చెప్పండి.