ఎండను పట్టే కప్పులు

శ్రీకాకుళం పట్నాన్ని ఆనుకుని అరసవల్లి వున్నది. అక్కడి సూర్యదేవాలయాన్ని ఏడవ శతాబ్దంలో కళింగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. ఏటా మార్చిలోనూ, అక్టోబరులోనూ కొద్ది రోజులపాటు ఉదయపు కిరణాలు గుడిలోకి వచ్చి, సరిగా స్వామి పాదాల మీద పడతాయి. కిరణం ఎక్కడ పడుతుందో ఆనాటి శిల్పులు అంత చక్కగా లెక్క కట్టారన్నమాట!

ఈనాడు అటువంటి లెక్కే ఇళ్ల కప్పుల మీద కూడా అవసరమయింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో కొన్ని డాబాల మీద నల్లగా మెరిసే పలకలు కనిపిస్తాయి. అవి సాధారణంగా దక్షిణం వైపుకు వాలి వుంటాయి. ఎందుకంటే, సంవత్సరంలో ఎక్కువ కాలం సూర్యుడు మనకు దక్షిణంగానే నడుస్తాడు.

ఆ పలకలలో వున్నది సిలికాన్. దానికి వెలుగు తగిలితే లోపలి ఎలక్ట్రానులు కదిలి తీగలలోకి ప్రవహిస్తాయి. అదే విద్యుత్తు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చేసిన సిలికాన్ ఘటం, తన మీద పడిన వెలుగులో నూటికి 6 వంతులు మాత్రమే విద్యుత్తుగా మార్చింది. ఇప్పటి పలకలు 20 వంతులకు పైగా మారుస్తాయి. ఒక కిలోవాటు పలకలకు సుమారు 100 చదరపు అడుగుల చోటు చాలు. మంచి ఎండ కాస్తే అవి రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తాయి. వేరే పెంకులు లేకుండా, విద్యుత్తు పుట్టించే పెంకులనే ఇంటికి కప్పుగా వేసే పద్ధతి కూడా వున్నది.

అయితే ఈ తీరానికి ఎండతోబాటు తుపానులు కూడా వస్తాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలను పడగొట్టింది. కరెంటు స్తంభాలు వేలకొద్దీ కూలాయి. ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకట్లో వున్నాయి.

అటువంటప్పుడు పలకలున్న ఇంట్లో దీపం వెలుగుతుందా? వీధి తీగలతో కలిపిన మామూలు ఏర్పాటయితే వెలగదు! వీధిలో కరెంటు పోగానే అది కూడా తనంతట తానే ఆగిపోతుంది. లేకపోతే ఇంటిమీది విద్యుత్తు వీధి తీగలలోకి పోయి, వాటిని బాగుచేసేవారి ప్రాణం తీస్తుంది. బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టరు వుంటేనే వీధితో సంబంధం లేకుండా మన దీపం మనం వెలిగించుకోగలం.

ఇక గాలి సంగతి. ఈ తీరంలో పూర్వులు చుట్టిళ్లు కట్టేవారు. గుండ్రని గోడ చుట్టూ గాలి జారిపోతుంది. తాటాకు కప్పు నేలకు దగ్గరగా వంగి వుంటుంది గనక, గాలి దాని కిందికి తేలికగా దూరలేదు. పలకలకూ అదే నీతి. కిందికి దూరిన గాలే వాటిని లేపేస్తుంది. అందుచేత వాటిని తక్కువ ఎత్తులో, డాబా అంచులకు దూరంగా, గట్టి చట్రాలకు బిగించాలి.

ఎవరి డాబా మీదనైనా ఈ పలకలు కనిపిస్తే రెండు ప్రశ్నలు అడిగి చూడండి: పెనుగాలికి ఇవి నిలుస్తాయా? వీధిలో కరెంటు లేని రాత్రి మీ ఇంట్లో దీపం వెలుగుతుందా?