మన దూలంలోని తుమ్మెద

భోకర్‌లో మన పిల్లలు దాన్ని మరాఠీలో ‘భుంగా’ అంటారు. బడిపుస్తకంలో రంగుల బొమ్మ చూసి ‘బంబుల్‌బీ’ అంటారు. నిజామాబాద్ జిల్లాలో పుట్టిన మా అమ్మ ‘తుమ్మెద’ అనేది. అమ్మ మాటే సరైనది.

బంబుల్‌బీ చలి ప్రదేశాల జీవి. మన దేశంలో ముఖ్యంగా హిమాలయాల్లో ఉంటుంది. నాందేడ్ జిల్లా ఎండల్లో తిరిగేది కర్రను తొలిచే తుమ్మెద. శాస్త్రజ్ఞులు దీన్ని ‘జైలోకోపా’ అంటారు.

వీటిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. బ్యాంకులో సంతకం సరిచూసేటప్పుడు ఒకటి రెండు మలుపులు పట్టుకుంటాం కదా, అలాగే ఇక్కడ పొట్ట చూడండి. బంబుల్‌బీ పొట్టమీద దట్టమైన నూగు ఉంటుంది. తుమ్మెద పొట్ట నూనె రాసినట్టు నున్నగా, నల్లగా మెరుస్తుంది. ఎండ పడితే రెక్కలు నీలంగా, ఊదాగా కనిపిస్తాయి. ఒక రకంలో ఆడదానికి వీపుమీద పసుపు నూగు, మగదానికి ఒళ్లంతా పసుపే. మగదానికి కొండి ఉండదు. ఆడది చేత్తో పట్టుకుంటే తప్ప సాధారణంగా కుట్టదు.

నిరుడు మా వసారా దూలానికి గుండ్రటి కన్నం, కింద రంపపు పొట్టు కనిపించాయి. “దూలమంతా గుల్లయితది, మందు కొట్టేయండి” అంది మా ఆవిడ. కామర్స్ చదివినవాణ్ణి కనుక జమాఖర్చు చెప్పాను. తుమ్మెద కర్ర తినదు. తొలిచిన గదుల్లో పుప్పొడి ముద్ద పెట్టి, దానిపై గుడ్డు పెట్టి, కర్రపొట్టుతో అడ్డుగోడ కడుతుంది. ఇది ఖర్చు. ఇక జమ చూడండి. వంకాయ, టమాటా పూలలో పుప్పొడి సన్నని కన్నాలున్న గొట్టాల్లో దాగి ఉంటుంది. తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిరిస్తే అది రాలుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. కంది పూలకూ, జిల్లేడు పూలకూ తుమ్మెద వస్తుంది.

మందు కొట్టలేదు. పిల్లలు బయటికొచ్చి కన్నం ఖాళీ అయ్యాక పూడ్చి, దూలానికి రంగు వేయించాం. చూరుకింద ఎండు వెదురు ముక్కలు కట్టాం. ఈ వేసవిలో ఒక వెదురు ముక్క కింద పొట్టు రాలింది. మొదట చూసింది మా ఆవిడే.

మన పిల్లలు తుమ్మెదను పాటల్లో వింటున్నారు. కంది చేలు పూతకొచ్చినప్పుడు ఒక ఆదివారం తీసుకెళ్లి చూపించండి. పేరుతోపాటు ప్రాణి కూడా వారికి తెలియాలి.