గంటసేపటి దూరము



భూగోళ పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "మాస్టారండీ, విశాఖపట్టణం విమానాశ్రయం నుంచి హైదరాబాదు విమానాశ్రయం ఎంత దూరం? ఎంతసేపట్లో పోవచ్చు?" అని యడిగెను. రేఖాంశములు నేర్పుటకు ఇంతకన్న మంచి సందర్భ మేమున్నది? నల్లబల్లపై లెక్క వేసితిమి.

విశాఖ విమానాశ్రయము 83.2 డిగ్రీల తూర్పు రేఖాంశముననున్నది, శంషాబాదు 78.4 డిగ్రీలయొద్ద నున్నది. భేదము 4.8 డిగ్రీలు. భూమధ్యరేఖపై డిగ్రీకి 111 కిలోమీటరు లుండును గాని, ధ్రువములవైపు పోయినకొలది రేఖాంశములు దగ్గరగును. మన ప్రాంతపు 17½ డిగ్రీల అక్షాంశమున 106 కిలోమీటరులు మాత్రమే. శంషాబాదు అర డిగ్రీ దక్షిణముగా నుండుటనుగూడ లెక్కింపగా దూరము ఇంచుమించు 510 కిలోమీటరులు.

గంటకు 800 కిలోమీటరుల వేగమున పోవు విమానమున కిది 38 నిమిషముల పని. టిక్కెట్టుపై మాత్రము గంట పది నిమిషములని యుండును. నేలపై ప్రాకుటయు, పైకెక్కుటయు, మెల్లగా దిగుటయు మిగిలిన కాలమును తినివేయును. రైలు అట్లు సూటిగా పోదు. తీరము వెంబడి విజయవాడకు దిగి, ఉత్తరముగా వరంగల్లు వైపు తిరిగి, పిమ్మట పడమరగా సికింద్రాబాదు చేరును. అనకాపల్లినుండి ఇంచుమించు 670 కిలోమీటరులు, పండ్రెండు గంటలు.

బాలురు సంతోషించిరి. నాకు మాత్రము ఆ లెక్క చూడగా మనస్సు చివుక్కుమనెను. ఎందులకో చెప్పెదను.

మా అప్ప కాపురము సికింద్రాబాదున. మా నాన్నగారు బ్రదికియున్నంతకాలము ప్రతి సంవత్సరము క్రిస్మసు మరునాడు గోదావరి ఎక్స్‌ప్రెస్సులో, సంచిలో అనకాపల్లి బెల్లపు దిమ్మ పెట్టుకొని, కూతురిని చూడబోవుచుండిరి. వారి తరువాత ఆ బాధ్యత నాది. "విమానమున గంట ప్రయాణమే గదా, ఎప్పుడైనను పోవచ్చును" అనుకొనుచు ఆరేండ్లు గడపితిని.

2019 జూన్ నెలలో ఒక రాత్రి మేనల్లుడు ఫోను చేసి, "అమ్మని ఆసుపత్రిలో చేర్చాం మావయ్యా" అనెను. మరునాడు తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరితిని. 6 గంటలకు విమానాశ్రయము, 8-10కి విమానము, 9-20కి శంషాబాదు. 2008 మార్చి వరకు విమానములు సికింద్రాబాదునకు చేరువనున్న బేగంపేటలో దిగుచుండెను. ఇప్పుడు నగరమును దాటి పోవలెను. ఆసుపత్రి చేరునప్పటికి 11-15 అయ్యెను. మొత్తము ఆరుంబావు గంటలు. అందు విమానములో గడచినది అయిదవ వంతైనను కాదు. త్రోవ పొడుగునను ప్రార్థించుచునే యుంటిని.

దేవుని కృపవలన ఆమె కన్నులు తెరచియే యుండెను. నా చేయి పట్టుకొని, నీరసముగా నవ్వి, "గంట దూరానికి ఆరేళ్లు పట్టిందేరా, తమ్ముడూ!" అనెను. నాకు బదులు తోచలేదు. సంచిలో చేయి పెట్టి చూచుకొంటిని. బెల్లము తెచ్చుటగూడ మరచితిని.

ఆమె కోలుకొన్నది. ఆ యేటి క్రిస్మసు మరునాడు నేను నాన్నగారి రైలే ఎక్కితిని, బెల్లముతో.

విద్యార్థులారా! మీలో అనేకులు చదువులకును ఉద్యోగములకును రేపు విమానము లెక్కెదరు. 510ని 800చే భాగించుట మరువకుడు. గాని ఇంటినుండి బయలుదేరుటకు మీకు పట్టిన కాలమునుగూడ ఆ లెక్కలో చేర్చుకొనుడు.