గాలికి ఎదురుగా గాలం

హిమాచల్‌లోని తీర్థన్ లోయలో ట్రౌట్ చేప కంటే ముందు మచ్చిక చేసుకోవాల్సింది మధ్యాహ్నపు గాలిని

తీర్థన్ నది ఒడ్డున గాలికి ఓ వేళ ఉంది. హిమాచల్ ప్రదేశ్‌లోని కులు జిల్లాలో, గుషైనీ అనే చిన్న ఊరి దగ్గర, తెల్లవారుజామున కొండల మీది చలిగాలి నదితో పాటే కిందికి జారుతుంది. ఎండ ఎక్కేకొద్దీ అది సద్దుమణుగుతుంది. కాసేపు ఆకు కూడా కదలదు. పదకొండు దాటాక దిగువన బంజార్ వైపు నుంచి మొదటి తెర వస్తుంది. వేడెక్కిన కొండవాలుల మీద గాలి తేలికై పైకి లేస్తుంటే, ఆ వెలితి పూడ్చడానికి లోయ కింది నుంచి గాలి ఎగబాకుతుంది. రెండింటికల్లా టోపీని ఒక చేత్తో పట్టుకుని నడవాల్సిందే. ఆలస్యంగా నిద్రలేచి, పరాఠాలు ముగించి, రాడ్లు భుజాన వేసుకుని పర్యాటకులు నదికి చేరేది కూడా సరిగ్గా ఆ వేళకే.

ఏప్రిల్‌లో అలాంటి ఓ మధ్యాహ్నం బెంగళూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. మొదటి అరగంటలో రెండు ఫ్లైలు ఒడ్డున ఉన్న ఆల్డర్ చెట్టుకు సమర్పించుకున్నారు. మూడోది చెట్టు దాకా పోలేదు. వెనక్కి విసిరిన లైన్‌ను గాలి మధ్యలోనే కూల్చేసింది. అది చూడకుండా ఆయన బలమంతా పెట్టి ముందుకు లాగారు. కొక్కెం కుడిచెవి తమ్మెలో దిగింది. ఊళ్లో కుర్రాడైన గైడ్ కంగారు పడలేదు. పొద్దున్నే ఆ కొక్కెం ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేసి ఉంచాడు కాబట్టి అది దిగిన దారినే బయటికి వచ్చింది. రెండంగుళాలు ముందుకు తగిలి ఉంటే కన్ను పోయేది. పెద్ద ఆస్పత్రి ఉన్న కులు పట్టణం అక్కడికి దాదాపు 60 కిలోమీటర్లు, అదీ కొండ దారి. నల్లకళ్లద్దాలు షోకు కోసం కాదని ఆ తర్వాత ఎవరూ ఆయనకు చెప్పాల్సిన అవసరం రాలేదు.

మనాలి వెళ్లే రహదారిని ఔట్ దగ్గర వదిలి, లార్జి మీదుగా కుడివైపు లోయలోకి తిరిగితే తీర్థన్ తోడొస్తుంది. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు మంచుకొండల్లో పుట్టి, లార్జి దగ్గర బియాస్‌లో కలిసేదాకా ఈ నది రాళ్ల మీద నురగలు కక్కుతూనే ఉంటుంది. ఆ పార్కుకు 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. నదిలోని బ్రౌన్ ట్రౌట్ మాత్రం స్థానికురాలు కాదు. ఇంగ్లిషు దొరలు తమ సరదా కోసం కశ్మీర్‌కు తెప్పించుకున్న చేప ఇది. అక్కడి నుంచి 1909లో కులు లోయకు గుడ్లు వచ్చాయి. చల్లగా, వేగంగా, ఆక్సిజన్ నిండుగా పారే నీళ్లుంటేనే బతుకుతుంది. తీర్థన్ ఇంకా అలా పారుతోందంటే అందుకు ఒక పోరాటం కారణం. నది మీద ప్రతిపాదించిన జల విద్యుత్ ప్రాజెక్టులకు వ్యతిరేకంగా మాజీ ఎమ్మెల్యే దిలే రామ్ శబాబ్, లోయ వాసులు కోర్టుకెక్కారు. 2006లో హైకోర్టు తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. పక్కనున్న సైంజ్ నదికి ఆ అదృష్టం లేకపోయింది. ఈ రోజు గుషైనీ, నాగిని ఊళ్లలో గెస్ట్‌హౌస్ నడిపేవారికీ, గైడ్లుగా పనిచేసే కుర్రాళ్లకూ తిండి పెడుతున్నది ఆనకట్ట లేని ఆ నీళ్లే.

చేపలు పట్టడానికి దొరికే కాలం మాత్రం తక్కువ. నవంబర్ నుంచి ఫిబ్రవరి చివరి దాకా ట్రౌట్ గుడ్లు పెట్టే కాలమని మత్స్యశాఖ నిషేధం. వర్షాకాలంలో నీళ్లు బురద. మిగిలే రెండు ముక్కల్లో పెద్దది వేసవి. ఎండ బాగా కాసే ఆ నెలల్లోనే లోయలో గాలి కూడా బాగా వీస్తుంది. గాలి తగ్గాక వెళదామనుకునేవారికి తీర్థన్‌లో మిగిలేది దృశ్యాలే.

చెరువు గట్టున గాలం వేసినవారికి ఈ అవస్థ అంత తేలిగ్గా అర్థం కాదు. అక్కడ సీసపు గుండు ఉంటుంది, దాని బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఆ గుండు లేదు. ఈకలు, బొచ్చు, దారం కొక్కేనికి చుట్టి తయారుచేసిన నకిలీ పురుగుకు ఉన్న బరువు లెక్కలోకే రాదు. అందుకే ఇక్కడ బరువంతా లైన్‌దే. తీర్థన్ లాంటి నదుల్లో ఎక్కువగా వాడే 5వ నంబరు లైన్‌లో మొదటి 30 అడుగులు తూస్తే 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. ఈ తొమ్మిది గ్రాములు కూడా ఒకచోట ముద్దగా ఉండవు. ముప్పై అడుగుల పొడవునా పరుచుకుని ఉంటాయి. చర్నాకోలా ఝళిపించినట్టు దాన్ని ముందు వెనక్కి పూర్తిగా చాచాలి, తర్వాత ముందుకు పంపాలి. ఆ చాచే సమయంలో గాలి చేతికి చిక్కని జాగా అంటూ ఉండదు.

గాలి పెరిగితే ఎవరైనా చేసే మొదటి పని చేతికి బలం పెంచడం. అన్ని తప్పులూ అక్కడే మొదలవుతాయి. బలం పెంచితే భుజం కదులుతుంది, మణికట్టు వంగుతుంది. రాడ్ కొన పెద్ద అర్ధచంద్రాకారంలో తిరుగుతుంది. లైన్ గాల్లో వెళ్లేటప్పుడు పక్క నుంచి చూస్తే హెయిర్‌పిన్నులా మడతపడి కనిపిస్తుంది. దాన్నే లూప్ అంటారు. రాడ్ కొన వంపు తిరిగితే ఆ మడత నిలువునా మనిషెత్తున తెరుచుకుంటుంది, గాలికి తెరచాప కట్టి ఇచ్చినట్టే. కొన సరళరేఖలో కదిలి ఠక్కున ఆగితే మడత జానెడు, మూరెడు మించదు. అది గాలిని కోసుకుపోతుంది. బలాన్ని మొదట్లోనే ఒక్కసారిగా గుమ్మరించినవారికి మరో శిక్ష ఉంది. రాడ్ అతిగా వంగి, కొన కిందికి దిగి, లైన్ తన మీద తానే పడి దాటుతుంది. చివరి సన్నని దారంలో ముడి పడుతుంది. దీన్ని ప్రపంచమంతా గాలి ముడి అంటుంది. పాపం, చాలాసార్లు గాలికి దాంతో సంబంధమే ఉండదు. ఆ ముడి దగ్గర దారం బలం సగానికి పడిపోవచ్చు. పెద్ద చేప తెంచుకుపోయేది అక్కడే.

చెవికి ప్లాస్టర్ వేసుకున్న బెంగళూరు అతిథిని గైడ్ మళ్లీ నీళ్లలోకి దింపలేదు. ఒడ్డున గడ్డి మైదానంలో నిలబెట్టి, కొక్కెం తీసేసి దాని స్థానంలో ఎర్ర ఉన్ని ముక్క కట్టాడు. కొంటెగా మోచేతికీ పక్కటెముకలకూ మధ్య ఒక పర్సు ఇరికించి, అది పడకుండా విసరమన్నాడు. తడిచేతిని విదిలించినప్పుడు చెయ్యి చివర ఎలా ఆగుతుందో అలా ఆపాలి, అంతే. పది నిమిషాల్లో లూప్ సగానికి సగం తగ్గింది. తర్వాత ఎడమచేతికి పని పెట్టాడు. విసురు చివర్లో గాలిపటం దారాన్ని గుంజినట్టు లైన్‌ను కిందికి చిన్నగా గుంజి వదలడం, వెనక్కి ఒకసారి, ముందుకు ఒకసారి. దీనికి డబుల్ హాల్ అని పేరు. కుడిచేతి కదలిక పెరగకుండానే లైన్ వేగం పెరుగుతుంది. ఇది కుదరడానికి పది నిమిషాలు చాలలేదు. ఆ సాయంత్రం మొత్తం చాలలేదు.

తీర్థన్‌కే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ట్రౌట్ ఎప్పుడూ ఎగువకు తలపెట్టి, కొట్టుకొచ్చే పురుగు కోసం చూస్తుంటుంది. కాబట్టి వేటగాడు వెనక నుంచి, దిగువ నుంచి దాన్ని సమీపించాలి. మధ్యాహ్నం గాలి కూడా దిగువ నుంచే వస్తుంది. వీపు మీద గాలి వరమని కొత్తవారు అనుకుంటారు. ముందు విసురుకు వరమే, వెనక విసురుకు శాపం. చెవికి గుచ్చుకున్నది ఆ లెక్క తప్పడం వల్లే. ఇలాంటప్పుడు రాడ్‌ను పక్కకు వంచి, వెనక విసురును నీటికి దగ్గరగా, గాలి కిందుగా గట్టిగా పంపాలి. అది పూర్తిగా చాచుకుందో లేదో తల తిప్పి చూడాలి. ముందుకు మాత్రం కాస్త ఎత్తుగా వదిలితే మిగతాది గాలే చూసుకుంటుంది. ఎదురుగాలికి దీనికి పూర్తిగా తలకిందులు. వెనక ఎత్తుగా, ముందు కిందికి, దాదాపు నీటినే గురిపెట్టి. తొమ్మిదడుగుల లీడర్ దారాన్ని ఏడున్నర అడుగులకు తగ్గించుకుంటే ఫ్లై చివర్లో వెనక్కి తిరిగి రాదు.

అన్నిటికంటే ప్రమాదం కుడిచేతివాటం వారికి కుడిపక్క నుంచి వీచే గాలి. కొక్కేన్ని నేరుగా ముఖం మీదికి తోస్తుంది. అప్పుడు రాడ్ కొనను తల మీదుగా ఎడమ భుజం వైపు వాల్చి విసరాలి. లేదా వెనక్కి తిరిగి నిలబడి, వెనక విసురుతోనే చేప వైపు పంపాలి. చూసేవారికి వింతగానే ఉంటుంది. మహా అయితే నవ్వుతారు. ఈ రెండూ రానప్పుడు నది అవతలి ఒడ్డుకు మారడం మూడో ఉపాయం. పర్యాటకుల్లో అహం ఉన్నవారు దాన్ని వాడరు. గైడ్లు మొదట వాడేది అదే.

గాలి గురించి గైడ్లకు తెలిసి, పుస్తకాలు చదివి వచ్చినవారు మరిచిపోయే సంగతి మరొకటుంది. నీరు అద్దంలా ఉన్నప్పుడు ట్రౌట్ నలభై అడుగుల దూరంలో మనిషి నీడను పసిగడుతుంది. గాలికి నీటి మీద ముడతలు లేస్తే దానికీ మసకే. అప్పుడు ఇరవై అడుగుల దాకా పోవచ్చు. నలభై అడుగులు విసరలేని చేతికి ఇరవై అడుగులు కష్టం కాదు. పైగా గడ్డిలోని మిడతలను, చెట్ల మీది చీమలను గాలే నీళ్లలోకి రాలుస్తుంది. గాలి కొట్టే ఒడ్డు పక్కనే చేపలు చేరతాయి.

మర్నాడు నాలుగింటికి బెంగళూరు అతిథి మళ్లీ నదిలో ఉన్నారు, ఈసారి మోకాళ్ల మీద వంగి, ఒక బండరాయి చాటున. కళ్లకు అద్దాలు, చెవికి ప్లాస్టర్. గైడ్ చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. తెర వచ్చి ఆల్డర్ ఆకులను తెల్లగా తిప్పేసి పోయింది. చెయ్యి దించాడు. లైన్ పక్క నుంచి కిందుగా వెనక్కి వెళ్లి, చాచుకుని, ఇరుకు మడతతో ముందుకు వచ్చింది. ఇరవై అడుగులు కూడా లేదు. ఫ్లై నురగ అంచున పడింది, మాయమైంది. జానెడున్నర బ్రౌన్ ట్రౌట్, ఒంటి మీద ఎర్రచుక్కలు. లైసెన్సు కొలతకు చిన్నది. ముల్లు లేని కొక్కెం ఇట్టే ఊడింది. గైడ్ దాన్ని నీళ్లలోనే ఎగువకు తలపెట్టి పట్టుకున్నాడు. అది అరనిమిషం ఆగి, తోకతో ఒక్క దెబ్బ కొట్టి వెళ్లిపోయింది. తర్వాతి తెర వచ్చేలోగా మరో విసురుకు సమయం ఉంది.