నెబో కొండ ఎక్కక ముందు

2019 అక్టోబరులో మేము ఆరుగురం జోర్డాన్ దేశము చూచి వచ్చాము. మాలో మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఉన్నారు. నలభై మంది గుంపుతో వారు పరుగెత్తలేరు గనుక ఒక గైడును, ఒక వ్యానును మా కొరకే మాట్లాడుకొన్నాము. అటువంటి ప్రయాణము తలపెట్టిన కుటుంబముల మేలు కొరకు, మేము చేసిన తప్పుతో సహా ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మొదటిది పేరు. మా సంఘములోని ఒక పెద్దావిడ పాలమ్మిన డబ్బు ఏళ్ల తరబడి దాచుకొని ఈ ప్రయాణమునకు సిద్ధపడింది. టిక్కెట్ల కొరకు పేర్లు అడిగినప్పుడు మేము సంఘపు రిజిస్టరు చూచి, ఆమెకు బాప్తిస్మములో పెట్టిన పేరు వ్రాసి ఇచ్చాము. పాస్‌పోర్టులో ఉన్నదేమో పుట్టినప్పటి పేరు. రెండు పేర్లు కలియకపోతే విమానము ఎక్కనివ్వరు. ప్రయాణము రెండు వారములు ఉందనగా సంగతి తెలిసి, ఆ టిక్కెట్టు రద్దు చేసి మరల కొనవలసి వచ్చింది. "అయ్యగారూ, బాప్తిస్మంలో పెట్టిన పేరు అక్కడ చెల్లదా?" అని ఆమె అడిగితే మేము తల ఎత్తలేకపోయాము. తప్పు మాది గనుక ఆ నష్టము మేమే భరించాము. కాబట్టి పాస్‌పోర్టు ఎదుట పెట్టుకొని, ఇంటిపేరుతో సహా అక్షరము అక్షరము చూచి వ్రాయండి. ప్రయాణము నాటికి పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల పైన గడువు ఉండేలా చూచుకోండి.

రెండవది ఒప్పందము. గైడు, వ్యాను, బస, ప్రవేశ రుసుములు, భోజనములు – మీరు కట్టిన సొమ్ములో ఏవి ఉన్నవో, ఏవి లేవో కాగితము మీద వ్రాయించుకోండి. నోటిమాట మీద డబ్బు ఇవ్వక రసీదు అడగండి. గోపురము కట్టబోయేవాడు ముందుగా ఖర్చు లెక్క చూచుకోవాలన్న ప్రభువు ఉపదేశము ప్రయాణికులకూ పనికివస్తుంది. మేము వెళ్లిన నాడు అక్కడి ఒక దీనారు మనకు సుమారు వంద రూపాయలు. మూడు దీనార్లే గదా అనుకొంటే మూడు వందలు పోయినట్లే.

మూడవది శరీరము. పెట్రాలో ద్వారము దగ్గర నుండి కొండను తొలిచిన ఖజానా కట్టడము వరకు సుమారు 2 కిలోమీటర్లు నడవాలి. అందులో సిక్ అనే ఇరుకు దారే 1.2 కిలోమీటర్లు. తిరిగి వచ్చేటప్పుడు ఎగువకు నడక. అందుకని మేము రెండు నెలల ముందు నుండే ప్రతి ఉదయము కాలువ గట్టు మీద నడిచాము. కొత్త చెప్పులు అక్కడ తొడగవద్దు. బి.పి., షుగరు మాత్రలు డాక్టరు చీటీతో చేతిసంచిలోనే ఉండాలి. పచ్చడి సీసా మాత్రము పెద్ద పెట్టెలో పెట్టండి, చేతిసంచిలో ఉంటే తనిఖీలో తీసివేస్తారు.

వీసా నియమములు మారుతుంటాయి, వెళ్లబోయే ముందు సరిచూచుకోండి. 2023 అక్టోబరులో ఆ ప్రక్క దేశములో యుద్ధము మొదలైన తరువాత ఆ ప్రాంతమంతటా పరిస్థితులు ఒక్కలాగ లేవు గనుక మన విదేశాంగ శాఖ సూచనలు చూడకుండ డబ్బు కట్టవద్దు.

ఇక నెబో కొండ. క్రింద మృత సముద్రము, యొర్దాను లోయ, అవతల యెరికో ప్రాంతము. గాలి తేటగా ఉంటే యెరూషలేము కూడ కనబడుతుంది. ఆ రోజు మసకగా ఉంది. గైడు మా కొరకే వచ్చినవాడు గనుక తొందరపెట్టలేదు. ఆ పెద్దావిడ కొంగు తలమీద కప్పుకొని అరగంట నిలబడింది. "మోషే ఇక్కడిదాకే వచ్చాడు గదా అయ్యగారూ. నాకూ ఇది చాలు" అన్నది.

ఇంటికి వచ్చిన తరువాత మేము చేసిన మొదటి పని, సంఘపు రిజిస్టరులో ప్రతి బాప్తిస్మపు పేరు ప్రక్కన సర్కారు కాగితములలోని పేరు కూడ వ్రాయడము. మొదట ఆమె పేరే వ్రాశాము.