ఖాళీ గడి

తరగతిలో ఎవరు చదువగలరో, ఎవరు చదువలేరో ముఖము చూచినంతనే ఉపాధ్యాయునకు తెలియునని మేము చిరకాలము నమ్మియుంటిమి. ఆ నమ్మకము ఈ సంవత్సరము ఎట్లు సడలినదో మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవింప దలచితిమి.

ఆఱవ తరగతికి తెలుగు చెప్పు మేము జూన్ నెలలో ఒక్కొక్క విద్యార్థిని వరండాలోనికి పిలిచి, వారెన్నడు చూడని చిన్న కథ నొకదానిని చేతికిచ్చి, ఒక నిమిషము బిగ్గరగా చదివించితిమి. సరిగా చదివిన పదముల సంఖ్యను కాగితముపై వ్రాసికొంటిమి. ఇట్టి పరీక్ష క్రొత్తది కాదు. 2005వ సంవత్సరము మొదలుగా ప్రథమ్ అను సంస్థవారు అసర్ అను సర్వేలో పల్లెల యిండ్లకు పోయి అక్షరము, పదము, పేరా, కథ అను నాలుగు మెట్లతో పిల్లల చదువును పరీక్షించుచున్నారు. అది పల్లెలకు సంబంధించినది గనుక సికింద్రాబాదు పిల్లల సంగతి అందు దొరకదు. 2022లో తెలంగాణ ప్రభుత్వము తన పాఠశాలలలో ఐదవ తరగతి వఱకు గల పిల్లల కొఱకు తొలిమెట్టు అను కార్యక్రమము నారంభించినది. మా పిల్లలు ఆ యీడు దాటినవారే గదా యని మేము నిశ్చింతగా నుంటిమి.

వ్రాసికొన్న అంకెలను కంప్యూటరులోని స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించితిమి. అది గడుల పట్టిక. మన హాజరు పట్టీ వంటిదే. కాని లెక్క తానే కట్టును. ఒక అంకె మార్చినచో దానిపై నాధారపడిన లెక్కలన్నియు వెంటనే మాఱును. డాన్ బ్రిక్లిన్ హార్వర్డులో చదువుచుండగా, ఆచార్యుడు నల్లబల్లపై నొక అంకె సవరించి, దాని వెంబడి తక్కినవానిని కూడ తుడిచి వ్రాయుట చూచి ఈ యూహ తెచ్చుకొనెనందురు. అతడును బాబ్ ఫ్రాంక్‌స్టనును కలిసి చేసిన విసికాల్క్ 1979లో వెలువడినది. సుద్దపొడిలో ఏండ్లు గడిపిన మాకు ఈ కథయందు మిక్కిలి ప్రీతి.

సగటు వచ్చినది. మంచి సగటే. ప్రధానోపాధ్యాయులవారికి పంపబోవుచు, శోభకై రేఖాచిత్రము కూడ గీయించితిమి. పేరు పేరునకు ఒక నిలువు కడ్డీ లేచినది. నాలుగు పేర్లపై మాత్రము ఏమియు లేదు.

ఆ నలుగురును పరీక్షనాడు నోరు విప్పలేదు. మఱునాడు చూతమని వారి గడులను ఖాళీగా విడిచితిమి, మఱునాడు మఱచితిమి. సగటు కట్టు సూత్రము ఖాళీ గడిని లెక్కలోనికి తీసికొనదు, సున్నను తీసికొనును. ఐదుగురిలో నలుగురు 60 పదముల చొప్పున చదివి, ఐదవవాడు మౌనముగా నుండె ననుకొనుడు. గడి ఖాళీగా నున్నచో సగటు 60; సున్న వ్రాసినచో 48. చదువలేనివారిని లెక్కనుండి తప్పించి, తరగతి బాగుగా నున్నదని మేమే మురిసితిమి.

అట్లని సున్న వ్రాయుటయు న్యాయము కాదు. నలుగురిని మఱల ఒంటిగా పిలిచి, ఈ మాఱు అక్షరములతో మొదలిడితిమి. ఒక బాలిక తడబడక చదివినది. వరండాలో పోవువారి చూపులే ఆమెను నాడు మూగదానిని చేసినవి. ఒక బాలుడు కాగితమును ముక్కు దగ్గఱకు తెచ్చుకొనెను. కండ్లు చూపింపుడని అతని తండ్రిగారికి కబురంపితిమి. వేఱొకడు గుణింతముల వఱకు చక్కగా చదివి, ఒత్తు కనబడగానే ఆగిపోయెను. ఇంట లంబాడీ మాటలాడు నాలుగవవాడు అక్షరములన్నియు గుర్తించెను గాని, వానిని కూర్చి పదముగా పలుకలేకపోయెను. ఒకే తీరుగా కనబడిన నాలుగు ఖాళీల వెనుక నాలుగు వేఱువేఱు సంగతులుండెను.

1973లో ఫ్రాన్సిస్ ఆన్స్‌కూంబ్ అను సంఖ్యాశాస్త్రజ్ఞుడు సగటు మొదలగు లెక్కలు దాదాపు ఒక్కటే యైన నాలుగు అంకెల పట్టికలను కూర్చి, చిత్రము గీసిన నాలుగును నాలుగు రూపములుగా నుండునని చూపెను. ఈ సంగతి మేమెఱిగినదే. మా తరగతికి అన్వయించుకొనలేదు.

పిమ్మట పట్టికలో ఒత్తు తప్పుట, దీర్ఘము తప్పుట, పంక్తి దాటిపోవుట అను మూడు వరుసలు చేర్చి, తప్పులు హెచ్చిన గడి ఎఱ్ఱబడునట్లు ఏర్పాటు చేసితిమి. ఒత్తుల వరుస పైనుండి క్రింది వఱకు దాదాపు ఎఱ్ఱనైనది! వేగముగా చదువువారివి సైతము. అది పిల్లలకంటె మా బోధనకు వచ్చిన మార్కని మేమెంచి, నాటినుండి దినమునకు పది నిమిషములు ఒత్తుల పలుకుబడికే కేటాయించితిమి.

రేఖాచిత్రమును గోడకు తగిలింపుడని కొందఱు తలిదండ్రులు కోరిరి. అందుకు మేము సమ్మతింపలేదు. ఎవరి గీతను వారికే చూపుచున్నాము. సగటు వ్రాసిన ప్రతి చోటను, దాని ప్రక్క గడిలో, ఎందఱు చదువగా వచ్చిన సగటో, తరగతిలో మొత్త మెందఱో, ఆ రెండంకెలను కూడ ఇప్పుడు వ్రాయుచున్నాము.