ప్రార్థనకు ముందు అడగవలసిన మాట



ఈ వారం ఒక సాక్ష్యం మీతో పంచుకుంటున్నాము. ఇందులో మా తప్పు కూడా ఉంది. ఆ సహోదరి ఒప్పుకున్నారు గనుక రాస్తున్నాము. పేరు మాత్రం చెప్పము.

ఆమె కొల్లేరు అంచున చేపల ప్యాకింగ్ పనికి వెళ్తారు. తెల్లవారుజామునే ఐసు మధ్య నిలబడి ట్రేలు ఎత్తాలి. నడుము, మోకాళ్ళు పట్టేస్తాయి. పని మానితే ఇల్లు గడవదు. అందుకని మెడికల్ షాపులో రెండు నొప్పి బిళ్ళలు కొని వేసుకొని మళ్ళీ పనిలోకి దిగేవారు. అలా రెండేళ్ళు గడిచాయి.

తర్వాత బాగా నీరసించిపోయారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, ముఖమంతా పాలిపోయింది. ప్రతి శుక్రవారం ఉపవాస కూటంలో ఆమె తలమీద చేతులుంచి ప్రార్థించాము. ఎవరో చేతబడి అన్నారు. ఆమేమో "నా విశ్వాసమే చాలట్లేదేమో అయ్యగారూ" అని ఏడ్చారు. ఒకరోజు నడుము నొప్పి అంటే మా ఇంట్లో ఉన్న బిళ్ళే ఇచ్చి పంపాము. ఏ మందులు వాడుతున్నావమ్మా అని ఒక్కనాడూ అడగలేదు.

చివరికి ఏలూరు తీసుకెళ్తే రక్తం 6 గ్రాములే ఉందన్నారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. నోటి నుండి గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు లేదు. కింద నుండి చూస్తే పేగుల్లో వాపు, పుండ్లు కనబడ్డాయి. అప్పుడు డాక్టరుగారు, "ఏమ్మా, నొప్పి బిళ్ళలు వాడుతున్నావా?" అని అడిగారు. మేము తలదించుకున్నాము.

మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. నొప్పిని, వాపును పెంచేవి అవే. కడుపు, పేగుల లోపలి పొరను కాపాడేవీ అవే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలు వాటి తయారీని ఆపుతాయి. దీన్ని 1971లో కనుగొన్న జాన్ వేన్‌కు 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. నొప్పి తగ్గుతుంది గాని పేగుకు కాపలా పోతుంది. పుండుపడి కొంచెం కొంచెంగా రక్తం పోతుంది. చాలామందికి కడుపునొప్పి కూడా ఉండదు. తోడుగా వేసుకునే గ్యాస్ బిళ్ళ కడుపును కాపాడుతుందే గాని కింది పేగులను కాపాడదు.

మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఒక తండ్రి తన కుమారుని తీసుకొచ్చాడు. అన్నీ ఎరిగిన ప్రభువు కూడా స్వస్థపరచక ముందు, ఇది ఎంతకాలం నుండి ఉందని ఆ తండ్రిని అడిగాడు. ఆయన అడిగాడు, మేము అడగలేదు. ఆమె విశ్వాసంలో లోపం లేదు. లోపం మా కాపరత్వంలో ఉంది.

బిళ్ళలు మానేశాక కొన్ని నెలలకు ఆమె రక్తం పెరిగింది. నడుము నొప్పి పూర్తిగా పోలేదు. కూర్చుని చేసే పని అడిగి మారారు.

చేలల్లో ఊడ్పులకు వంగే తల్లులారా, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే తమ్ముళ్ళారా, రోజూ నొప్పి బిళ్ళ వేసుకుంటుంటే ఈ వారమే డాక్టరుకు చూపించి చెప్పండి. విరేచనం తారులా నల్లగా అయినా, రక్తం పడినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకండి. పారాసిటమాల్ ఈ కోవకు చెందదు గాని రెండూ కలిపిన బిళ్ళలు చాలా ఉన్నాయి. చీటీ మీద పేరు చూపించి అడగండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా మానకూడదు.

మా ఇంట్లో ఆ బిళ్ళల డబ్బా ఇప్పుడు లేదు. ప్రార్థనకు వచ్చినవారిని ముందు కూర్చోబెట్టి, ఎప్పటి నుండి, ఏం వాడుతున్నారు అని అడుగుతున్నాము. తర్వాతే మోకరిస్తున్నాము.

దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను కాపాడును గాక. ఆమేన్.